వేరు తవ్వితే మొక్క పోయింది: సర్పగంధ నుంచి సీసా మొక్కల దాకా

ఎపిసోడ్ విన్నవాళ్ళు ఉన్నారు. డ్యూటీల వల్ల వినడం కుదరక, రాత్రి రూములో పడుకునే ముందు ఇక్కడ చదువుకునేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి కోసమూ, మాట్లాడిన విషయాన్నే కొంచెం సర్ది, సంవత్సరాలు, లెక్కలు జతచేసి రాస్తున్నాను. నేను శాస్త్రవేత్తను కాను. ఐటీఐ సివిల్ చేసి కువైట్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న అన్నమయ్య జిల్లా మనిషిని. చదివి తెలుసుకున్నది మన భాషలో చెప్పడమే నా పని.

టిష్యూ కల్చర్ అనగానే మనలో చాలామందికి అరటి గుర్తొస్తుంది. పులివెందుల, అనంతపురం వైపు రైతులు పెట్టే జీ-9 అరటి టిష్యూ మొక్కలతోనే పెడతారు. ఇక్కడ గల్ఫ్‌లో నాటే ఖర్జూరపు మొక్కల్లో కూడా ల్యాబులో పుట్టినవి చాలా ఉన్నాయి. అయితే ఇదే పద్ధతితో అడవిలో అంతరించిపోతున్న మందు మొక్కలను నిలబెట్టాలని మన దేశంలో ఎన్నో ఏళ్ళుగా ఒక ప్రయత్నం నడుస్తోంది. దాని గురించి ఊళ్ళలో పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఆ చరిత్ర ఒక వేరుతో మొదలుపెట్టి చెబుతాను.

బీపీకి దారి చూపిన వేరు

ఆ వేరు సర్పగంధ. పాతాళగంధి అని కూడా అంటారు. మోకాలెత్తు పొద. తెలుపు, లేత గులాబీ పూలు, పండితే నల్లబడే చిన్న కాయలు. మందంతా వేరులో, అందులోనూ ఎక్కువ భాగం వేరు బెరడులో ఉంటుంది. పాము కాటుకు, నిద్ర పట్టకపోవడానికి, మతి చలించినవాళ్ళకు మన వైద్యులు దీన్ని వందల ఏళ్ళుగా వాడారు. బీహార్ వైపు దీన్ని పిచ్చి మందు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచేవాళ్ళు.

దీని శాస్త్రీయ నామం రావుల్ఫియా సర్పెంటినా. ఆ పేరు వెనక ఒక చిత్రం ఉంది. లియొన్‌హార్డ్ రావుల్ఫ్ అనే జర్మన్ వైద్యుడు 1573లో బయలుదేరి అలెప్పో, బాగ్దాద్ వైపు తిరిగాడు. మందు మొక్కలు వెతుక్కుంటూ మనం ఇప్పుడు బతుకుతున్న ఈ అరబ్బు నేలల దాకా వచ్చాడు. ఇక్కడివాళ్ళు కాఫీ తాగడం చూసి యూరప్ వాళ్ళకు రాసి చెప్పిన తొలి మనుషుల్లో ఆయనొకడు. ఆయన పోయిన వందేళ్ళకు, 1703లో, ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి ఆ గౌరవంతో ఒక మొక్కల ప్రజాతికి ఆయన పేరు పెట్టాడు. రావుల్ఫ్ ఎన్నడూ ఇండియాకు రాలేదు. వందల ఏళ్ళుగా మనవాళ్ళు వాడుతున్న మొక్కకు ఆయన పేరే నిలిచిపోయింది.

1931 ఈ కథలో పెద్ద మలుపు. ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ స్థాపించిన తిబ్బియా కాలేజీ పరిశోధనా విభాగంలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ ఈ వేరు నుంచి కొన్ని ఆల్కలాయిడ్లను వేరుచేశారు. వాటిలో ఒకదానికి, అప్పటికే చనిపోయిన అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పేరు పెట్టారు. అదే ఏడు కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు, ఈ వేరు పిచ్చికే కాదు, రక్తపోటుకు కూడా పనిచేస్తోందని పేపరు రాశారు. పేపరు వచ్చింది మన దేశపు పత్రికలో. బయట దేశాలవాళ్ళు దాన్ని పట్టించుకోలేదు.

పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1949లో, బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగుల మీద చూసిన ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేశాడు. ఈసారి ప్రపంచం చెవి ఒగ్గింది. 1952లో స్విట్జర్లాండ్ సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఈ వేరు నుంచి రిసర్పిన్ అనే అసలు మందును వేరుచేశారు. బీపీకి గట్టి మాత్రలంటూ పెద్దగా లేని రోజులవి. రిసర్పిన్ ఒక్కసారిగా అమెరికా, యూరప్ ఆసుపత్రులన్నిటికీ వెళ్ళిపోయింది. 1954లో న్యూయార్క్‌లో నేథన్ క్లైన్ దీన్ని మానసిక రోగులకు వాడి ఫలితాలు రాశాడు. ఆ తర్వాత స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ ఇదే రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్ళ మీద పరిశోధించి మెదడులో డోపమిన్ పని ఏమిటో కనిపెట్టాడు. పార్కిన్సన్స్ జబ్బుకు మందు ఆ దారిలోనే దొరికింది. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ సర్పగంధ పొడి తెప్పించుకోవద్దు. మా క్యాంపులో ఒక పెద్దాయన, మెడికల్‌లో బీపీ ఎక్కువ వచ్చిందని డాక్టర్ ఇచ్చిన మాత్ర పక్కన పెట్టి, ఊరి నుంచి వచ్చినవాళ్ళ చేత ఏదో వేరు పొడి తెప్పించుకుని మింగేవాడు. "వేరే కదా తమ్ముడూ, ఏం చేస్తుందిలే" అనేవాడు. కళ్ళు తిరిగి మెట్ల దగ్గర కూలబడ్డాక గానీ ఆ పొట్లం సంగతి బయటికి రాలేదు. అది ఏ వేరో ఇప్పటికీ మాకు తెలియదు. సర్పగంధ విషయానికొస్తే, దాని మందు గుండె వేగాన్ని తగ్గిస్తుంది, మనసును కుంగదీస్తుంది. 1950ల్లోనే డాక్టర్లు ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళలో ఆ దిగులు గమనించి రాశారు. ఇంటికి దూరంగా, ఒంటరిగా ఉండే మనకు ఆ దిగులు ఇంకా ప్రమాదం. ఎత్తు మీద పనిచేసేవాడికి కళ్ళు తిరగడం ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు. బీపీ మాత్ర మార్చాలన్నా మానాలన్నా డాక్టరును అడిగే చేయండి.

గిరాకీ వచ్చింది, మొక్క తగ్గింది

రిసర్పిన్ దేశదేశాలకు పాకాక దానికి కావాల్సిన వేరు ఎక్కడి నుంచి వచ్చింది? మన అడవుల నుంచే. తోటలు వేసి పెంచిన వేరు తక్కువ, తవ్వి తెచ్చినది ఎక్కువ. ఆకు కోస్తే మళ్ళీ చిగురు వేస్తుంది. కాయ తెంపితే మళ్ళీ కాస్తుంది. వేరు తవ్వితే ఆ మొక్క అయిపోయినట్టే. పైగా సర్పగంధ విత్తనాల్లో చాలావరకు మొలకెత్తవు. మొలిచినదాని వేరు మందుకు పనికి రావాలంటే ఏడాదిన్నర నుంచి మూడేళ్ళు పడుతుంది. తవ్వడానికి మాత్రం పది నిమిషాలు చాలు.

1956లో అమెరికాలో వుడ్‌వర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త రిసర్పిన్‌ను ల్యాబులో తయారు చేసి చూపించాడు. రసాయన శాస్త్రంలో అది గొప్ప విజయం. అయినా వేరు నుంచి తీయడమే చౌకగా పడింది. ఆఫ్రికాలో ఉండే దీని దాయాది మొక్క వేళ్ళనూ తవ్వడం మొదలుపెట్టారు. చివరికి 1990లో, అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో జాబితాలో సర్పగంధను చేర్చారు. అప్పటి నుంచి పర్మిట్ లేకుండా దేశం దాటించడానికి వీల్లేదు.

ఇది సర్పగంధ ఒక్కదాని కథ కాదు. ఇక్కడ అత్తారు షాపుల్లో ఖుస్త్ హిందీ అని ఒక వేరు అమ్ముతారు, మీలో కొందరు చూసే ఉంటారు. అది కాశ్మీర్, హిమాచల్ కొండల్లో పెరిగే కుఠ్ మొక్క వేరు. మనవాళ్ళు కోష్టు అంటారు. అరబ్బులకు దాని మీద వందల ఏళ్ళ నమ్మకం. ఆ గిరాకీతోనే అడవిలో అది ఎంత తగ్గిందంటే, 1985లో దాన్ని సైటీస్ మొదటి జాబితాకు, అంటే పులి ఉండే జాబితాకు ఎక్కించారు. హిమాలయాల్లోని జటామాంసి 1997లో రెండో జాబితాకెక్కింది. వీటన్నిటిలోనూ మనిషికి కావాల్సింది భూమి లోపలి భాగమే.

కొబ్బరి నీళ్ళు, పొగాకు, ఉమ్మెత్త

అడవిలో వేళ్ళు ఖాళీ అవుతున్న ఆ కాలంలోనే, ఇంకో పక్క ల్యాబుల్లో ఇంకో కథ నడుస్తోంది.

1902లో గాట్లీబ్ హాబర్లాంట్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఒక ఆలోచన బయటపెట్టాడు. మొక్కలోని ప్రతి కణంలోనూ మొత్తం మొక్కను తయారుచేసే శక్తి ఉండాలి, సరైన ఆహారం ఇస్తే ఒక్క కణం నుంచి మొక్కను లేపవచ్చు అన్నాడు. ఆకు కణాలను విడదీసి పోషక ద్రవంలో పెట్టాడు. అవి వారాల తరబడి బతికాయి, కొంచెం పెరిగాయి, కానీ ఒక్కటీ రెండుగా చీలలేదు. ఆలోచన సరైనదే, ఆహారం సరిపోలేదు.

1934లో అమెరికాలో ఫిలిప్ వైట్ టమాటా వేరు కొనలను సీసాలో ఎడతెగకుండా పెంచగలిగాడు. 1941లో వాన్ ఓవర్‌బీక్, ఆయన తోటివాళ్ళు ఉమ్మెత్త పిండాలను పెంచడానికి కొబ్బరి నీళ్ళు వాడి చూస్తే అవి చక్కగా పెరిగాయి. కొబ్బరి కాయలో ఆ నీళ్ళున్నది లోపలి పిండానికి ఆహారంగానే కదా. 1958లో కార్నెల్ యూనివర్సిటీలో స్టీవార్డ్ అదే కొబ్బరి నీళ్ళతో క్యారెట్ కణాల నుంచి మొత్తం క్యారెట్ మొక్కలు లేపాడు. హాబర్లాంట్ మాట నిజమైంది. అందుకు 56 ఏళ్ళు పట్టింది.

ఈలోపు విస్కాన్సిన్‌లో స్కూగ్, మిల్లర్ పొగాకు కాడ గుజ్జు మీద పనిచేస్తున్నారు. 1955లో కైనెటిన్ అనే పదార్థం దొరికింది. 1957లో వాళ్ళు చెప్పిన సూత్రం ఇప్పటికీ ప్రతి ల్యాబుకూ పునాది. ఆక్సిన్ ఎక్కువ, సైటోకైనిన్ తక్కువ ఇస్తే వేళ్ళు వస్తాయి. సైటోకైనిన్ ఎక్కువిస్తే కొమ్మలు వస్తాయి. రెండూ సమంగా ఇస్తే ఏ రూపమూ లేని కణాల ముద్ద, అంటే కాలస్ వస్తుంది. సైట్‌లో సిమెంటు, ఇసుక, కంకర పాళ్ళు మార్చితే ఒకటి ప్లాస్టర్‌కూ ఇంకొకటి స్లాబ్‌కూ వచ్చినట్టు.

ఇక మిక్స్ డిజైన్ 1962లో వచ్చింది. తొషియో మురషిగె అనే విద్యార్థి, స్కూగ్ దగ్గరే, పొగాకు రసంలో కొత్త హార్మోను ఏదో ఉందని వెతుకుతూ పోయాడు. మొక్క పెరుగుదలకు అసలు కారణం ఆ రసంలోని లవణాలని తేలింది. దాంతో కొలతలన్నీ కూర్చి ఒక పట్టిక వేశారు. అదే ఎం.ఎస్. మీడియం. లీటరు నీటికి అమ్మోనియం నైట్రేట్ 1650 మిల్లీగ్రాములు, పొటాషియం నైట్రేట్ 1900 మిల్లీగ్రాములు, చక్కెర 30 గ్రాములు, ఇలా పోతూ కోబాల్ట్ క్లోరైడ్ 0.025 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అరవై ఏళ్ళు దాటినా లోకమంతా ఆ పట్టికే వాడుతోంది.

మన దేశం ఇందులో వెనక లేదు. ఢిల్లీ యూనివర్సిటీలో పంచానన్ మహేశ్వరి ఒక పెద్ద బృందాన్నే తయారు చేశాడు. అక్కడే శిప్రా గుహ అనే పరిశోధకురాలు ఉమ్మెత్త పుప్పొడి సంచులను సీసాలో పెంచుతుంటే, పుప్పొడి నుంచే చిన్న మొక్కలు పుట్టాయి. 1964లో గుహ, సతీష్ చంద్ర మహేశ్వరి ఆ విషయాన్ని నేచర్ పత్రికలో వేశారు. లోకంలో అదే మొదటిసారి. మన చేల గట్ల మీద ఎవరూ తాకని ఉమ్మెత్త అంత పేరు తెచ్చింది.

గోరంత ముక్క నుంచి

పని ఎలా జరుగుతుందో క్లుప్తంగా చెబుతాను. తల్లి మొక్క నుంచి కణుపు ఉన్న చిన్న ముక్కో, చిగురు కొనో కోస్తారు. దాని మీది బూజు, బాక్టీరియా చచ్చేలా మందు నీళ్ళలో కడుగుతారు. మీడియాన్ని అగర్‌తో జున్నులా గట్టిపరిచి, ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు ఉడికిస్తారు. శుభ్రమైన గాలి వీచే బల్ల దగ్గర కూర్చుని ముక్కను సీసాలో పెట్టి మూత వేస్తారు. గదిలో 25 డిగ్రీల వేడి, రోజుకు 16 గంటల ట్యూబ్‌లైట్ వెలుతురు. కొన్ని వారాల్లో ఒక్క కణుపు నుంచి నాలుగైదు కొమ్మలు వస్తాయి. వాటిని మళ్ళీ కోసి కొత్త సీసాల్లో పెడతారు.

లెక్క వేయండి. నాలుగైదు వారాలకోసారి ఒక్కటి నాలుగవుతుందనుకుంటే, పది విడతల్లో ఒక్క కణుపు 10,48,576 అవుతుంది. ఏడాది కూడా పట్టదు. ఇది కాగితం మీది లెక్కే. బూజు పట్టి పోయే సీసాలు, ఎదగని ముక్కలు తీసేస్తే అంత రాదు. అయినా విత్తనం మొలవని మొక్కకు, అడవిలో పదో పరకో మిగిలిన మొక్కకు ఇంతకంటే పెద్ద ఆశ ఏముంటుంది?

1980ల్లో మన దేశంలో ఈ ఆశతోనే వరసగా పని జరిగింది. 1985లో ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు సర్పగంధ కొమ్మలను సీసాల్లో గుంపులుగా పెంచి, వాటిలో ఆల్కలాయిడ్లు తయారవుతున్నాయని చూపించారు. 1986లో ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థలో సీసా మొక్కలను దాచే జాతీయ భాండాగారం మొదలైంది. 1989లో ఢిల్లీ యూనివర్సిటీలో కుఠ్ మొక్కను సీసాలో పెంచి, చల్లటి గదిలో 5 డిగ్రీల దగ్గర నెలల తరబడి నిల్వ పెట్టగలిగారు. అక్కడితో ఆగక, చిగురు కొనలను ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచే పద్ధతీ వచ్చింది. అంత చలిలో కణం చావదు, పెరగదు, ఆగిపోతుంది. అవసరమైనప్పుడు లేపవచ్చు.

సీసా బయట అసలు పరీక్ష

సీసా లోపల బతకడం సుఖమే. గాలిలో తేమ నిండుగా ఉంటుంది, చక్కెర దొరుకుతుంది, రోగం లేదు. ఆ ఆకుల మీద మైనం పొర పలచగా ఉంటుంది, ఆకు రంధ్రాలు సరిగా మూసుకోవు. అలాంటి మొక్కను నేరుగా ఎండలో నాటితే పూట తిరిగేసరికి వాడిపోతుంది. అందుకే పాలిథిన్ కవరు కింద, నీటి తుంపర మధ్య, నీడలో, వారం వారం కొంచెం కొంచెంగా గాలికి, వెలుతురుకు అలవాటు చేస్తారు. దీన్ని హార్డెనింగ్ అంటారు. జూలైలో ఫ్లైట్ దిగిన కుర్రాణ్ణి మొదటి రోజే స్లాబ్ మీదికి పంపితే ఏమవుతుందో మనకు తెలుసు. మొక్కల సంగతీ అంతే. ల్యాబులో గెలిచిన ఎన్నో మొక్కలు ఓడిపోయేది ఈ దశలోనే.

ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకే తల్లి నుంచి తీసిన లక్ష మొక్కలూ ఒకే అచ్చు. ఒక తెగులు ఒక మొక్కను చంపగలిగితే లక్షనూ చంపగలదు. అడవిలో ఒక్కో మొక్కా ఒక్కో రకం. అందుకని ఎంతోమంది తల్లుల నుంచి ముక్కలు తేవాలి. రెండోది, సీసాలో పెరిగిన కాలస్ ముద్దలో చాలాసార్లు మందు పదార్థం నామమాత్రంగానే ఉంటుంది. వేరు వేరుగా పెరిగితేనే ఆ మందు నిండుగా ఊరుతుంది. అందుకే చివరికి భూమి కావాలి, రైతు కావాలి, రెండు మూడేళ్ళ ఓపిక కావాలి.

డబ్బు ఎవరి దాకా వస్తుంది

ఈ చరిత్ర చదివేకొద్దీ నాకు అర్థమైంది ఇదీ. మొక్కను పెంచే విద్య మన దగ్గర ఉంది. లోటు ఉన్నది ధర దగ్గర. అడవి నుంచి తవ్వి తెచ్చిన వేరుకు పెంచిన ఖర్చు లేదు. కాబట్టి అది ఎప్పుడూ చౌక. టిష్యూ మొక్క కొని, నీళ్ళు పెట్టి, రెండేళ్ళు కాసుకున్న రైతు ఆ ధరతో పోటీ పడలేడు. అలాగని తవ్వినవాడేమీ బాగుపడలేదు. తవ్వినవాడి పైన ఊరి షావుకారు, ఆయన పైన టౌను వ్యాపారి, ఆ పైన ఎక్స్‌పోర్టరు, చివర ఫ్యాక్టరీ. వీసా ఏజెంటు, సబ్ ఏజెంటు, కంపెనీ వరస చూసినవాళ్ళం, ఈ నిచ్చెన మనకు కొత్త కాదు. కిందివాడికి వచ్చేది తక్కువ. తక్కువ వస్తుంది కాబట్టి ఎక్కువ తవ్వుతాడు.

దీన్ని మార్చాలని కేరళలో ఒక ప్రయత్నం జరిగింది. 1987 డిసెంబరులో కొందరు శాస్త్రవేత్తలు అగస్త్య కొండల్లో నడుస్తూ అలిసిపోయారు. దారి చూపుతున్న కాణి గిరిజనులు మాత్రం ఏవో చిన్న కాయలు నములుతూ హుషారుగా పోతున్నారు. అడగ్గా అడగ్గా ఆ మొక్క చూపించారు. ఆరోగ్యపచ్చ దాని పేరు. పాలోడులోని ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ దాని నుంచి జీవని అనే మందు తయారు చేసి, 1995లో 10 లక్షల రూపాయలకూ రాయల్టీకీ కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి లైసెన్సు ఇచ్చింది. వచ్చినదాంట్లో సగం కాణి వాళ్ళకు ఇవ్వాలని నిర్ణయించారు. 1997లో వాళ్ళ పేరు మీద ట్రస్టు ఏర్పడింది, 1999లో 5 లక్షల పైచిలుకు సొమ్ము దానికి చేరింది. తెలిసినవాడికి తెలివికి తగ్గ వాటా ఇచ్చిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా లోకమంతా దీన్ని చెప్పుకుంది.

అదే 1995లో ఆ సంస్థ శాస్త్రవేత్తలే ఆరోగ్యపచ్చను చిగురు కొనల నుంచి సీసాల్లో వేగంగా పెంచే పద్ధతినీ ప్రచురించారు. అంటే మొక్క పెంచే దారి ఉంది, డబ్బు పంచే దారీ ఉంది. అయినా మందుకు గిరాకీ రాగానే అడవిలోని మొక్కల మీదికి మనుషులు పోయారు. సాగు పేరుతో అడవి మొక్కలనే పీకుతారని అటవీ శాఖ అడ్డు చెప్పింది. మొక్క, ధర, అనుమతి, ఈ మూడూ ఒకేసారి కుదరాలి. స్తంభాలు వేసి బీము మరిచిపోతే స్లాబ్ నిలవదు కదా.

మన శేషాచలంలో

ఇది దూరపు కథ అనుకోవద్దు. ఎండాకాలం రాయచోటి, మదనపల్లె, తిరుపతి బస్టాండుల్లో నన్నారి షర్బత్ తాగని మనవాళ్ళు ఉండరు. నన్నారి పేరుతో రెండు మొక్కల వేళ్ళు వాడతారు. ఒకటి సన్న తీగ సుగంధిపాల. రెండోది డెకాలెపిస్ హామిల్టోనీ, మారేడు కొమ్ములు అంటాం, తమిళులు మాగాళి కిళంగు అంటారు. వేలు లావు గడ్డలు, విరిస్తే వెనిల్లా లాంటి వాసన. మా జేజి వాటితో పెట్టిన ఊరగాయ జాడీ మూత తీస్తే ఆ వాసన వీధి దాకా వచ్చేది.

ఆ వాసనకు కారణమైన పదార్థం వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌కు రసాయనంలో తోబుట్టువు. ఈ మొక్క దక్షిణాది కొండల్లో, శేషాచలం, నల్లమల లాంటి చోట్ల తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. యానాదులు, చెంచులు తవ్వి తెస్తారు. గడ్డల గుత్తి మొత్తం తవ్వేస్తే తీగ చచ్చిపోతుంది. కాయ కాసి విత్తనం రాలకముందే తవ్వేస్తే దాని తర్వాత ఇంకొకటి రాదు. అందుకే ఇది ఇవాళ అంతరించే మొక్కల్లో చేరింది.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2000 నుంచి దీని మీద వరసగా పేపర్లు వేశారు. ఆకు నుంచి కాలస్, కాలస్ నుంచి కొమ్మలు తీశారు. వేళ్ళు రావడం కష్టమైన చోట మీడియంలో కొంచెం సిల్వర్ నైట్రేట్ కలిపితే వేళ్ళు బాగా వచ్చాయని చూపించారు. అంటే మా జేజి ఊరగాయ గడ్డకు కూడా సీసా దారి ఉంది.

ఇక మిగిలింది మనుషుల పని. గల్ఫ్‌లో పది, పదిహేనేళ్ళు చేసి ఊరికి పోయి ఏం చేయాలా అని ఆలోచించేవాళ్ళు మనలో చాలామంది. ఉన్న రెండెకరాల్లో, మామిడి చెట్ల మధ్య ఖాళీలో, కంచె పొడవునా తీగ పాకించుకునే చోట మందు మొక్కలు పెట్టే ఆలోచన ఉంటే, మొక్కలు కొనేముందే మూడు విషయాలు తేల్చుకోండి. మొక్క ఏ తల్లి నుంచి, ఏ నర్సరీ నుంచి వచ్చింది. వేరును కొనేవాడు ఎవడు, కాగితం మీద రాసి ఇస్తాడా. అటవీ శాఖ కాగితం ఏమైనా కావాలా. సొంత చేలో పెంచినదే అయినా, అడవి సరుకని అనుమానం వస్తే దారిలో ఆపుతారు. ఎర్రచందనం ఉన్న జిల్లాలవాళ్ళం, ఆ బాధ మనకు తెలుసు.

పొలం లేనివాళ్ళు చేయగలిగిందీ ఉంది. సెలవు మీద పోయినప్పుడు నన్నారి సీసా కొంటే, ఆ వేరు సాగు చేసినదా, అడవి నుంచి తవ్వినదా అని షాపతన్ని ఒక్క మాట అడగండి. అతనికి తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే పైవాణ్ణి అడుగుతాడు. ఒక రూపాయి ఎక్కువైనా సాగు వేరుతో చేసింది కొనండి. సీసాలో పుట్టిన మొక్క రైతు చేలో నిలబడాలంటే ఆ రూపాయి కావాలి.

అందరూ జాగ్రత్త. నీళ్ళు బాగా తాగండి, బీపీ మాత్ర మరవకండి.